నులిపురుగుల పిండంలో జన్యు వ్యక్తీకరణ: ఇసుక గడియారమా, గరాటా?

చంద్రగిరి_పిల్ల

తిరుపతిలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేర్వేరు నులిపురుగు జాతుల పిండాల్లో ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందో పోల్చి చూసిన పరిశోధనల మీద వచ్చే నెల సెమినార్ ఇవ్వాలి. చదివేకొద్దీ చిక్కు పెరుగుతోంది.

యానాయ్ బృందం 2012లో సీనోరాబ్డైటిస్ ప్రజాతిలోని ఐదు జాతులను, అంటే ఎలిగాన్స్, బ్రిగ్సే, బ్రెన్నెరి, రెమనై, జపోనికాలను పోల్చింది. పిండం నడివయసులో, పొట్టవైపు చర్మకణాలు రెండు పక్కల నుంచీ వచ్చి మూసుకునే వేళ, జాతుల మధ్య పోలిక గట్టిగా నిలబడుతుందని ఆ బృందం చెప్పింది. జాతుల మధ్య తేడాను వెడల్పుగా గీస్తే అటూ ఇటూ వెడల్పు, నడుమ సన్నం కాబట్టి దీన్ని ఇసుక గడియారం అంటున్నారు. 2017లో వచ్చిన మరో పరిశోధన రెండు సీనోరాబ్డైటిస్ జాతులనూ, కీటకాలను చంపే స్టైనర్నీమా జాతులు రెంటినీ తీసుకుని, 11 దశల్లో ఒక్కొక్క పిండాన్నీ విడివిడిగా చదివింది. అందులో మొదటి దశల్లో తేడా ఎక్కువగా ఉంది, పోనుపోను పోలిక పెరుగుతూ చివరి దశల్లో బాగా ఎక్కువైంది. వాళ్లు దీన్ని గరాటు అన్నారు.

రెండింట్లోనూ ఎలిగాన్స్ ఉంది. అదే పురుగు, అవే జన్యువులు. ఒకచోట నడుము సన్నగా ఉంటే ఇంకోచోట కాలు సన్నగా ఎందుకు ఉంది? మా గైడ్ గారు ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. నాకు తేలడం లేదు.

అలిపిరి_మెట్టు

నాకు ఈ విషయంలో ప్రవేశం తక్కువ. పిండం ఎంత ఉంటుంది, ఎంతసేపట్లో పొదుగుతుంది, ఒక్క పిండంలోని జన్యువులను విడిగా ఎలా చదువుతారు అన్నది ఎవరైనా చెబితే మాలాంటివాళ్లం కూడా చర్చ వెంట రాగలం.

పురుగుల_ప్లేటు

ఎలిగాన్స్ గుడ్డు పొడవు దాదాపు 50 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. 20 డిగ్రీల దగ్గర పెంచితే సుమారు 14 గంటల్లో పొదుగుతుంది. గుడ్డు పెంకు పారదర్శకం కాబట్టి లోపల జరిగేదంతా సూక్ష్మదర్శిని కింద కళ్లారా చూడవచ్చు. మొదటి విభజనే సమానంగా ఉండదు, ముందువైపు కణం పెద్దది, వెనుకవైపుది చిన్నది. తరువాత నాలుగు, ఎనిమిది, ఇరవై ఎనిమిది అంటూ పెరిగి, కొంతసేపటికి పిండం కామా గుర్తులా వంగుతుంది. ఆ తరువాత సాగి సాగి, గుడ్డులో చోటు చాలక రెండు మడతలు, మూడు మడతలు పడి చుట్టుకుని, అందులోనే కదలడం మొదలుపెడుతుంది. మొదటిసారి ఆ కదలిక చూసిన రోజు నేను భోజనానికి వెళ్లడం మరిచిపోయాను.

ఒక్కొక్క పిండాన్ని చదవాలంటే సన్నని గాజు గొట్టంతో దాన్ని ఎత్తి చిన్న ట్యూబులో వేసి, పగలగొట్టి, అందులోని ఎంఆర్ఎన్ఏను, అంటే పనిచేస్తున్న జన్యువుల నకళ్లను, డీఎన్ఏగా మార్చి, అనేక రెట్లు పెంచి సీక్వెన్సింగ్‌కు పంపుతారు. ఏ జన్యువు నకళ్లు ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టి ఆ క్షణంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తున్నదో లెక్క తేలుతుంది.

సూక్ష్మదర్శిని_మాస్టారు

ముప్పై ఏళ్లకు పైగా పిండశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. ఈ పురుగునే ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా చెప్పాలి. 1960లలో సిడ్నీ బ్రెన్నర్ దీన్ని పరిశోధనకు ఎంచుకున్నాడు, 1974లో దాని జన్యుశాస్త్రాన్ని అచ్చులో పెట్టాడు. జాన్ సల్స్టన్, ఆయన సహచరులు 1983లో పిండంలో ప్రతి కణం ఏ కణం నుంచి పుట్టిందో మొత్తం వంశవృక్షం గీశారు. పిండంలో 671 కణాలు పుడతాయి, 113 వాటంతటవే చనిపోతాయి, పొదిగేనాటికి 558 మిగులుతాయి. ఉభయలింగిగా ఎదిగే ఏ గుడ్డు తీసుకున్నా ఇదే లెక్క. బ్రెన్నర్, సల్స్టన్, హార్విట్జ్‌లకు 2002లో నోబెల్ వచ్చింది.

ఈ నిక్కచ్చితనమే పోలికకు పునాది. ఎలిగాన్స్‌లో పేగుకు మూలమైన కణం ఏదో, బ్రిగ్సేలో దానికి సరిజోడు కణం ఏదో మనకు తెలుసు. కోడి పిండంలోనూ చేప పిండంలోనూ ఇంత ఖచ్చితంగా కణానికి కణం జోడించలేము.

అమ్మాయీ, నీ ప్రశ్నకు సంబంధించి ఒక మాట. ఇసుక గడియారం అన్న పోలిక పురుగుల కోసం పుట్టింది కాదు. వెన్నెముక జంతువుల పిండాలు ఒక దశలో ఒకదాన్నొకటి పోలి ఉంటాయని ఫాన్ బేయర్ 1828లోనే రాశాడు. నడుమ దశే సన్నగా ఉంటుందని 1990లలో డ్యూబూల్, రాఫ్ స్పష్టం చేశారు. జన్యు వ్యక్తీకరణలో అది కనబడుతుందని 2010లో ఈగల మీద ఒక బృందం, జీబ్రా చేప మీద మరో బృందం చూపించాయి.

కాళహస్తి_చెనక్కాయ

ఇసుక గడియారం మా ఇళ్లలో ఎవరూ చూసి ఉండరు మాస్టారూ. రెండు గింజల చెనక్కాయను చేతిలో పెట్టుకుంటే చాలు, అటూ ఇటూ గుండ్రం, నడుమ నొక్కు. సెమినార్‌లో ఆ కాయనే చూపించమనండి, వెనక బెంచీలవాళ్లకు కూడా అర్థమవుతుంది.

నులిపురుగు మాట వచ్చింది కాబట్టి మా సంగతీ చెబుతాను. మా తాలూకాలో 1970ల నడుమ చెనక్కాయ పంటకు ఒక తెగులు వచ్చింది. కాయల మీద గోధుమ, నలుపు మచ్చలు పడి, ఊడలు కురచబడి, దిగుబడి పోయేది. చివరికి అది టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్ అనే నులిపురుగు పని అని తేలింది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు కాళహస్తి తెగులు, ఇప్పటికీ పుస్తకాల్లో ఆ పేరే ఉంది. మా నాన్న ఆ మచ్చల కాయలను వేరుచేసి గంపలో పోస్తూ ఉంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి. ఎలిగాన్స్ మీద జరిగే పని ఇలాంటి పురుగులకు ఎంతవరకు వర్తిస్తుందన్నదే నాకు కావలసిన జవాబు.

అంకెల_సంచి

అసలు ప్రశ్నకు వస్తాను. రెండు పరిశోధనలు కొలిచింది ఒకటి కాదు. 2012 నాటిది ఒకే ప్రజాతిలో దగ్గరి బంధువులను పోల్చింది. 2017 నాటిది రెండు వేర్వేరు ప్రజాతుల మధ్య పోల్చింది. అన్నదమ్ముల పిల్లల మధ్య కనబడే పోలికలు, నాలుగైదు తరాల దూరపు చుట్టాల మధ్య కనబడే పోలికలు ఒక్కటే కావాలని ఎక్కడుంది? దూరం పెరిగేకొద్దీ మొదటి దశలు ముందుగా చెదిరిపోయి, చివరి దశలు నిలబడి ఉంటే, దగ్గరివాటిలో చెనక్కాయ, దూరపువాటిలో గరాటు, రెండూ నిజమయ్యే వీలుంది.

దీనికి తోడు ఒక చిక్కు ఉంది. దూరపు జాతులను పోల్చేటప్పుడు రెండింట్లోనూ ఒకటికి ఒకటిగా సరిపోయే జన్యువులనే, అంటే ఒంటిజోడు ఆర్థోలాగ్‌లనే తీసుకుంటాం. జాతుల దూరం పెరిగితే ఆ జాబితా చిన్నదవుతుంది. అందులో మిగిలేవి కండరం, పేగు, చర్మం కట్టే పాత జన్యువులు. అవి చివరి దశల్లోనే జోరుగా పనిచేస్తాయి. కాబట్టి గరాటు కాలు సన్నబడటంలో కొంత భాగం మనం ఎంచుకున్న జాబితా వల్లే వచ్చి ఉండవచ్చు.

పురుగుల_ప్లేటు

అంకెల_సంచి గారు చెప్పినదాంట్లో రెండో మాట పూర్తిగా ఒప్పుకోలేను. ఆ 2017 పరిశోధనలో ఇంకొక ఫలితం ఉంది, అది జాబితా మాయ కాదు. తల్లి గుడ్డులో పెట్టి పంపిన ఎంఆర్ఎన్ఏ మీద పిండం కొంతకాలం నడుస్తుంది, ఆ తరువాత పిండం తన సొంత జన్యువులను తెరుస్తుంది. స్టైనర్నీమా జాతులు సీనోరాబ్డైటిస్ కంటే ముందుగానే సొంత జన్యువులను తెరుస్తున్నాయని అందులో తేలింది. ఎలిగాన్స్‌లో అది దాదాపు నాలుగు కణాల దశలో మొదలవుతుంది.

అంటే నాలుగు కణాల స్టైనర్నీమాను నాలుగు కణాల ఎలిగాన్స్ పక్కన పెట్టినప్పుడు, ఒకటి అప్పటికే సొంతంగా సంపాదిస్తోంది, ఇంకొకటి ఇంకా చాలావరకు పుట్టింటి సొమ్ము మీదే ఉంది. చూడటానికి రెండూ నాలుగు కణాలే. మొదటి దశల తేడాలో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుందని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అలిపిరి_మెట్టు

పుట్టింటి సొమ్ము మాటతో నాకు మొత్తం అర్థమైంది.

ఏలికపాము_డాక్టరు

పశువైద్యంలో ఉన్నాను. పందుల్లో కనబడే ఏలికపాము, అంటే ఆస్కరిస్, ఇదే విషయంలో ఇంకా ముందుకు వెళుతుంది. దాని గుడ్డులో తల్లి కేంద్రకం, తండ్రి కేంద్రకం కలవక ముందే జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి. పైగా ఆ గుడ్డు పేడలో, మట్టిలో పడి, బయటి గాలి, వెచ్చదనం దొరికాక వారాల మీద నింపాదిగా ఎదుగుతుంది. పద్నాలుగు గంటల్లో పొదిగే ఎలిగాన్స్‌తో దాన్ని గంటల లెక్కన పోల్చడం అసలు కుదరదు.

ఇంకొక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఆస్కరిస్ పిండంలో శరీరం కట్టే కణాలు తమ డీఎన్ఏలో దాదాపు 13 శాతాన్ని తుంచి పారేస్తాయి, తరువాత గుడ్డుగానో వీర్యకణంగానో అయ్యే బీజకణాలు మాత్రం మొత్తం దాచుకుంటాయి. పారేసే భాగంలోని జన్యువుల్లో చాలావరకు బీజకణాల్లోనూ తొలి పిండంలోనూ పనిచేసేవే. పిండకణాలు క్రోమోజోములను ఇలా కత్తిరిస్తాయని బోవెరి 1887లోనే గుర్రాల ఏలికపాములో గమనించాడు. ఎలిగాన్స్ ఈ పని చేయదు, పిఐఈ-1 వంటి ప్రోటీన్లతో బీజకణాల్లోని జన్యువులను నొక్కి ఉంచుతుంది. బీజకణాన్ని శరీర కణం నుంచి వేరుగా ఉంచడమే రెండింటి అవసరమూ, ఒకటి కత్తెర పట్టింది, ఇంకొకటి తాళం వేసింది.

చంద్రగిరి_పిల్ల

డాక్టరు గారు చెప్పిన కత్తెర, తాళం మాటను సెమినార్‌లో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

పురుగుల_ప్లేటు అన్నా, ఒక అనుమానం. కణాల సంఖ్య ఒకటే అయినా లోపలి పరిస్థితి వేరు అని మీరే అంటున్నారు. మరి దశలను దేన్నిబట్టి జోడించాలి? గడియారాన్నిబట్టా, ఆకారాన్నిబట్టా, లేక వ్యక్తీకరణనుబట్టా?

పురుగుల_ప్లేటు

ఈ ప్రశ్నకు నేను మూడు నెలల కాలం చెల్లించి జవాబు తెలుసుకున్నాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో ఎలిగాన్స్, బ్రిగ్సే రెండింటినీ పక్కపక్క ప్లేట్లలో పెంచి, గుడ్లు వేరుచేసి, ఇన్ని నిమిషాలకు అని గడియారం చూసి పిండాలను ఎత్తేవాళ్లం. మే నెల, బయట నలభై దాటిన ఎండ. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటరు మీద ఇంక్యుబేటరు లేదని అప్పుడు తెలిసింది. సాయంత్రానికి లోపలి థర్మామీటరు 29 చూపిస్తోంది. ఎలిగాన్స్‌ను 25 దాటనివ్వకూడదు, దాటితే సంతానం పడిపోతుంది. బ్రిగ్సే అంతకంటే వేడిని తట్టుకుంటుంది. ఆ రోజు ఎత్తిన పిండాలను అలాగే పంపాం. ఫలితాల్లో రెండు జాతుల మధ్య బ్రహ్మాండమైన తేడా కనబడింది, మేము సంబరపడ్డాం కూడా. తీరా దాచుకున్న ఫొటోలు మళ్లీ చూస్తే, మేము ఒకే దశ అనుకున్నవాటిలో బ్రిగ్సే పిండాలు అప్పటికే కామా దాటి ఒకటిన్నర మడతకు చేరాయి, ఎలిగాన్స్ పిండాలు ఇంకా పొట్ట మూసుకుంటున్నాయి. మేము కొలిచింది జాతుల తేడా కాదు, ఆ మధ్యాహ్నపు ఎండను.

అప్పటి నుంచి గడియారాన్ని నమ్మను. ప్రతి పిండాన్ని ఎత్తే ముందు ఫొటో తీసి, ఆకారం చూసి దశ రాసుకుంటాను. చర్మకణాల అంచులు పొట్ట మధ్యగీత దగ్గర కలుసుకోవడం కంటికి స్పష్టంగా తెలుస్తుంది, శాలువా రెండు అంచులూ లాగి రొమ్ము మీద కలిపి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ గుర్తు ఏ జాతిలోనైనా పట్టుకోవచ్చు.

అంకెల_సంచి

ఆకారం చూసి జోడించడం మంచిదే. కానీ ఆకారం ఒకేలా ఉన్న దశలనే ఎంచుకుని, ఆ దశల్లో వ్యక్తీకరణ కూడా ఒకేలా ఉందని చెప్పడంలో కొంత చుట్టుతిరుగుడు వాదన ఉంది. పొట్ట మూసుకోవడం లాంటి గట్టి గుర్తు ఉన్నచోట దశ తప్పు పడదు, కాబట్టి పోలిక ఎక్కువ కనబడుతుంది. అంత గుర్తు లేని దశల్లో నిమిషాల తేడా చేరి పోలిక తగ్గుతుంది. సన్నని నడుములో కొంత భాగం గుర్తుపట్టడం సులువు కావడం వల్ల వచ్చిందేమో అని అడగాలి.

సూక్ష్మదర్శిని_మాస్టారు

ఆ అనుమానం సబబే, కానీ దానికి సమాధానం ఉంది. యానాయ్ బృందమే 2017లో జాతులను పక్కనపెట్టి, ఎలిగాన్స్‌లోనే 20 వంశాలను తీసుకుంది. అనుకూలమైన మార్పులను ప్రకృతి ఎంచుకునే అవకాశం లేకుండా పెంచిన వంశాలవి. వాటిలోనూ వ్యక్తీకరణ తేడాలు పిండం నడిమి దశలోనే బాగా తగ్గాయి. ముఖ్యంగా ఇతర జన్యువులను నడిపే హోమియోడొమైన్ జన్యువులు, కణపొరలను ఒకదానితో ఒకటి కూర్చి ఆకారం కట్టే జన్యువులు కదలకుండా ఉన్నాయి. ఒకే జాతిలో ఆకారం జోడించే ఇబ్బంది రెండు జాతుల మధ్య ఉన్నంత ఉండదు కదా. కాబట్టి నడుము నొక్కు ఉత్త కొలత లోపం కాదని నేను నమ్ముతున్నాను. ఆ సమయంలో చర్మం, కండరం, నరాలు ఒకదాని ఆసరాతో ఒకటి కదలాలి. ఒకటి తప్పితే మిగతావన్నీ తప్పుతాయి.

అంకెల_సంచి

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. ఆ ఫలితం బలమైనదే, ఒకే జాతిలో నడుము ఉన్నదని దాన్నిబట్టి చెప్పవచ్చు. ప్రజాతులు దాటినప్పుడు ఏమవుతుందన్నది మాత్రం దాంతో తేలదు.

అక్కడ ఇంకొక జాగ్రత్త అవసరం. నాలుగు జాతులుంటే ఆరు జతలు వస్తాయి. ఆరు సాక్ష్యాలు దొరికాయని సంతోషిస్తాం. ఒక జత సీనోరాబ్డైటిస్ లోపలిది, ఒక జత స్టైనర్నీమా లోపలిది, మిగతా నాలుగు జతలూ అటు నుంచి ఇటు దాటేవి. ఆ నాలుగూ వంశవృక్షంలో ఒకే కొమ్మ మీదుగా వెళతాయి. ఆ కొమ్మలో ఒక్కసారి జరిగిన మార్పు నాలుగు జతల్లోనూ కనబడుతుంది. ఒకే సాక్షి నాలుగుసార్లు వచ్చి చెబితే నలుగురు సాక్షులు కారు. జతలు జతలుగా పోల్చడంలో ఉన్న ఈ పొరపాటును డన్, ఆయన సహచరులు 2018లో గట్టిగా ఎత్తి చూపారు. వృక్షాన్ని లెక్కలోకి తీసుకుని, మార్పు ఏ కొమ్మ మీద జరిగిందో అంచనా వేయడమే సరైన దారి.

మదనపల్లె_టమాటా

చర్చంతా చదివాను. మా నాన్న టమాటా వేస్తారు. మొక్క పగటిపూట వాడిపోయి, పీకి చూస్తే వేర్లు రుద్రాక్షమాలలా బుడిపెలు బుడిపెలుగా ఉంటాయి. వేపపిండి వేస్తున్నాం, ఒక కారు బంతి వేసి చూశాం, కొంత తగ్గింది. ఆ బుడిపె చీలిస్తే లోపల ముత్యం గింజలా తెల్లటి ఆడపురుగు, పక్కన జిగురు సంచిలో వందల గుడ్లు ఉంటాయని వ్యవసాయ కాలేజీలో చదివే మా అక్క చూపించింది. ఆ గుడ్ల లోపల జరిగేది తెలిస్తే గుడ్డులోనే ఆపవచ్చు కదా? ఎలిగాన్స్ మీద ఇంత తెలిసినప్పుడు దీని మీద ఎందుకు తెలియదు?

పురుగుల_ప్లేటు

నువ్వు అడిగిందే అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న తమ్ముడూ. మీది వేర్లకు బుడిపెలు కట్టే నులిపురుగు మెలాయిడోగైన్, బహుశా ఇన్కాగ్నిటా జాతి. దాని పిండం గుడ్డులోనే ఒకసారి కుబుసం విడిచి, రెండో దశ పిల్లగా బయటికి వచ్చి వేరు వెతుక్కుంటుంది. గుడ్డు పెంకులో కైటిన్ పొర ఉంటుంది, లోపల ఎదుగుదలకు రోజుల తరబడి పడుతుంది.

పోల్చడం కష్టం కావడానికి ఒక కారణం దాని జన్యుసముదాయమే. దానికి మగ తోడు అవసరం లేదు, ఆడపురుగు ఒంటరిగానే సంతానం కంటుంది. జాతుల సంకరం వల్ల పుట్టింది కాబట్టి చాలా జన్యువులకు మూడేసి నకళ్లు ఉన్నాయి. ఎలిగాన్స్‌లో ఒక జన్యువు ఉంటే ఇక్కడ మూడు ఉంటాయి. ఏ నకలును ఏ జన్యువుతో జోడించాలి? మూడింటినీ కూడాలా, ఒక్కటే తీసుకోవాలా? అంకెల_సంచి గారు చెప్పిన ఒంటిజోడు జాబితాలో ఇలాంటి జన్యువులన్నీ మొదటే రాలిపోతాయి.

కాళహస్తి_చెనక్కాయ

అంటే పొలంలో మనల్ని ఏడిపించే పురుగే లెక్కలోంచి ముందు జారిపోతోంది. ఇది సరిదిద్దవలసిన విషయం.

సూక్ష్మదర్శిని_మాస్టారు

ఇంకొక భ్రమ కూడా తొలగాలి. నులిపురుగులన్నీ ఎలిగాన్స్‌లా ప్రతి కణం రాత ముందే రాసుకుని పుట్టవు. ఆక్రోబెలాయిడిస్ నానస్ అనే మట్టి పురుగు పిండంలో తొలి కణం ఒకటి నాశనం చేస్తే పక్క కణం దాని పని అందుకుంటుంది. సముద్రపు ఒడ్డు బురదలో ఉండే ఎనాప్లస్ బ్రెవిస్‌లో మొదటి విభజనలు సమానంగా ఉంటాయి, ఏ కణం ఏమవుతుందో అంత ముందుగా తేలదు. పొదిగి వచ్చాక మాత్రం అన్నీ సన్నటి దారపు పోగులే. పుట్టే పురుగు ఒకటే, చేరే దారులు వేరు. కాబట్టి మొదట్లో తేడా ఎక్కువ, చివర పోలిక ఎక్కువ అన్న గరాటు మాట, జన్యువులను చూడకపోయినా, పాత పిండశాస్త్రవేత్తలకు వింతగా అనిపించదు.

పురుగుల_ప్లేటు

మాస్టారు చెప్పినదానికి జన్యువుల వైపు నుంచి ఒక ఉదాహరణ. ఎలిగాన్స్‌లో పేగు మొత్తం 20 కణాలు, అన్నీ ‘ఈ’ (E) అనే ఒక్క కణం సంతానమే. దాని అక్కచెల్లెలు కణం పేరు ఎమ్ఎస్, అది గొంతు భాగాన్ని, కండరాలను ఇస్తుంది. ఎలిగాన్స్‌లో పాప్-1 అనే జన్యువును ఆపితే ఎమ్ఎస్ కూడా పేగుగా మారి, పేగు రెట్టింపవుతుంది. బ్రిగ్సేలో అదే జన్యువును ఆపితే ‘ఈ’ (E) కణం పేగు కాకుండా ఎమ్ఎస్ దారి పడుతుంది. రెండు పురుగులనూ పక్కపక్కన పెడితే మనం పోల్చుకోలేనంత దగ్గర, లోపల మీట నొక్కితే ఫలితం తలకిందులు. పేగు మొదలుపెట్టే ఎండ్-1, ఎండ్-3 జన్యువులు ఎలిగాన్స్ దగ్గరి బంధువులకే పరిమితం, పేగును చివరిదాకా నిలబెట్టే ఈఎల్‌టీ-2 మాత్రం చాలా విస్తారంగా కనబడుతుంది. మొదలుపెట్టే పనివాళ్లు మారారు, ఇల్లు అదే.

ఏలికపాము_డాక్టరు

మొత్తం పిండాన్ని ఒకేసారి రోట్లో వేసి రుబ్బి కొలిస్తే ఏ కణంలో ఏం జరిగిందో పోతుంది కదా? ఒక జన్యువు నరంలో తగ్గి చర్మంలో పెరిగినా మొత్తం అంకె మారదు.

పురుగుల_ప్లేటు

సరిగ్గా అందుకే ఇప్పుడు కణం కణంగా చదువుతున్నారు. 2019లో ఎలిగాన్స్ పిండాల నుంచి 86,024 కణాలను విడివిడిగా చదివి, సల్స్టన్ వృక్షం మీద అమర్చారు. 2025లో ఎలిగాన్స్‌ను, బ్రిగ్సేను అదే పద్ధతిలో కణానికి కణం పోల్చిన పని వచ్చింది. కోట్ల ఏళ్ల కిందట విడిపోయినా రెండింటిలో కార్యక్రమం చాలావరకు ఒకటే. అయినా ఏ రకం కణంలో పనిచేయాలన్న విషయంలో వేల జన్యువులు మారాయి, వాటిలో పరిసరాలకు స్పందించేవి, ప్రవర్తనకు సంబంధించినవి ఎక్కువ. నరాల కణాల్లో తేడా ఎక్కువ, పేగులోనూ బీజకణాల్లోనూ తక్కువ.

ఈ ఫలితం చూశాక ఏ దశ సన్నం అన్న ప్రశ్న పక్కనే, ఏ కణం సన్నం అన్న ప్రశ్న వేసుకోవాలని నాకు అనిపించింది. ఒకే గంటలో ఒకే పిండంలో పేగు కదలకుండా ఉండవచ్చు, నరం మారిపోయి ఉండవచ్చు.

చంద్రగిరి_పిల్ల

రెండు రాత్రులు కూర్చుని మీరు చెప్పినవన్నీ మళ్లీ చదివాను. సెమినార్‌లో ఏది నిజం అని తేల్చను. ఒకే ప్రజాతి లోపల నడుము ఎందుకు నమ్మదగినదో 20 వంశాల పనితో చెబుతాను. ప్రజాతులు దాటినప్పుడు మొదటి దశలు ఎందుకు చెదురుతాయో స్టైనర్నీమా తొందరగా జన్యువులు తెరవడంతోనూ, ఒకే ప్రజాతిలో కూడా తొలి దశల మీటలు మారగలవని చూపే పాప్-1తోనూ చెబుతాను. ఆరు జతల బొమ్మ తీసేసి, నాలుగు జాతుల వృక్షం గీసి, ఆ ఒక్క కొమ్మను ఎర్రగా చూపిస్తాను. జాబితాలోంచి రాలిపోయే జన్యువులకు మెలాయిడోగైన్ ఉదాహరణ ఇస్తాను. గైడ్ గారికి ఈ ఉదయం చెప్పాను, ఆయన కొంతసేపు మాట్లాడకుండా ఉండి, వృక్షం బొమ్మ ముందు చూపించమన్నారు.

టమాటా తమ్ముడూ, మీ చేలో బుడిపెల వేరు ఒకటి తడిగుడ్డలో చుట్టి ఎవరైనా తిరుపతి వచ్చేటప్పుడు పంపగలవా? మా విభాగంలో సూక్ష్మదర్శిని ఉంది. జిగురు సంచి విప్పి, ఒక్కో గుడ్డు ఏ దశలో ఉందో గీసుకోవాలని ఉంది.

మదనపల్లె_టమాటా

ఆదివారం మా అక్క తిరుపతికి తిరిగి వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపిస్తాను. మూడు మొక్కలవి పంపుతాను అక్కా, ఒక వేరు ఎండిపోయినా ఇంకొకటి ఉంటుంది.

పురుగుల_ప్లేటు

గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్లు కారేలా ఉండకూడదు, ఎండ తగలనివ్వకండి. గీసే ప్రతి గుడ్డు పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాసుకోమ్మా.